పూతక్క పేరు

ఆ ల్యాబులో ఆవిడను అందరూ పూతక్క అంటారు. అసలు పేరు జీతం కాగితం మీద ఉంటుంది, హాజరు పుస్తకంలో ఉంటుంది, ఇంకెక్కడా ఉండదు. ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ చేసే పని ప్లేట్లకు పూత పూయడం. ప్లేటంటే తిండి తినేది కాదు లెండి. అరచేతంత ప్లాస్టిక్ పలక, అందులో తొంభై ఆరు చిన్న గుంటలు. ఒక్కో గుంట అడుగున కంటికి కనపడనంత పల్చగా ప్రోటీన్ పూయాలి. పూసి ఒక రాత్రి చల్లగదిలో ఉంచాలి. మర్నాడు కడగాలి, పాలపొడి కలిపిన నీళ్ళతో మిగిలిన ఖాళీలు మూసేయాలి, మళ్ళీ కడగాలి. అప్పుడు టీకా వేసిన కుందేలు రక్తం నుంచి తీసిన తేటను, అంటే సీరాన్ని, అంతకంతకూ పలచన చేస్తూ వరసగా పోయాలి. ఆ సీరంలో పూతను గుర్తుపట్టే యాంటీబాడీలు ఉంటే ఆఖరున గుంట పసుపు రంగుకు తిరుగుతుంది, లేకపోతే నీళ్ళలాగే ఉండిపోతుంది. ఇంత తతంగంలో చెయ్యి ఒక్కసారి తడబడితే వారం పని మట్టిపాలు. పూతక్క చెయ్యి తడబడిందని చెప్పగలిగినవాళ్ళు ఆ భవనంలో ఒక్కరు లేరు.

ఆవిడ దగ్గర పిపెట్, అంటే చుక్క కొలిచి పోసే గొట్టం, పట్టుకోవడం నేర్చుకున్నవాళ్ళు పదిహేను మంది డాక్టరేట్లు పుచ్చుకుని వెళ్ళారు. పుచ్చుకున్న మర్నాడే పిపెట్‌ను మర్చిపోయారు, పూతక్కనూ మర్చిపోయారు. అది వేరే సంగతి.

ల్యాబుకు పెద్ద ఒకాయన ఉన్నాడు, అందరూ పెద్దాయన అంటారు. మనిషి చెడ్డవాడేం కాదు, కానీ పద్ధతి అంటే పడి చస్తాడు. ఆయన పద్ధతులు రెండు. ఒకటి, ప్రయోగాల నోట్‌బుక్కులో పరిశోధకులే రాయాలి, టెక్నీషియన్లు కలం ముట్టకూడదు. పొద్దున్నే పరిశోధకులు వచ్చి ఫలానా ప్లేటుకు ఫలానా నంబరు ట్యూబు పూయమని నోటితో చెబుతారు, టెక్నీషియన్లు పూస్తారు, సాయంత్రం పరిశోధకులు రాసుకుంటారు. రెండోది, అచ్చయ్యే పరిశోధన పేపర్లలో టెక్నీషియన్ల పేర్లు వెయ్యరు. "ఇది మన ల్యాబు రూలమ్మా," అని ఆయన ఆవిడతో ఇరవై ఏళ్ళ కిందటే చెప్పేశాడు. ఆ రోజు పూతక్క అప్పుడే అచ్చయిన పేపరు ఆఖరి పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో "సాంకేతిక సహాయానికి ధన్యవాదాలు" అన్న ముక్క చూసుకుని ఇంటికొచ్చి మొగుడికి చెప్పింది. ఆయన బస్సు డ్రైవరు, ఇప్పుడు రిటైరయ్యాడు. "ధన్యవాదాలు సరే, ఎవరికటా?" అన్నాడు.

పేరు కావాలని ఆవిడకు ఎంత కోరికో పైకి చెప్పుకోలేదు. చెప్పుకుంటే నవ్వుతారని భయం. కానీ కొత్త పత్రిక వచ్చిందంటే తన ప్లేట్ల ఫొటో ఉన్న పేజీ తీసి, పైనున్న పేర్ల వరస ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు చదివేది. లేదని తెలిసీ చదివేది.

ఆరేళ్ళ కిందట ఆ ల్యాబులో ఒక అమ్మాయి చేరింది. పిపెట్ పట్టుకుంటే చీపురు పట్టుకున్నట్టుండేది. పూతక్క ఆ పిల్లను పాప అని పిలిచింది, ఆ పేరే అందరి నోటా స్థిరపడింది. అక్కా అక్కా అంటూ కొంగు పట్టుకుని తిరిగేది. పూతక్క డబ్బాలో తెచ్చుకున్న అన్నం సగం పాపకే పోయేది. ఒకసారి జ్వరం తగిలితే హాస్టల్లో ఎవరూ చూడరని పూతక్క తన ఇంటికి తీసుకొచ్చి నాలుగు రోజులు మంచం మీద పెట్టుకుంది. చెయ్యి తిప్పడం, బుడగ రాకుండా వదలడం, గుంట గోడకు తగలకుండా కడగడం, అన్నీ తనే నేర్పింది. తెలివి మాత్రం పాపదే, అందులో ఎవరి వాటా లేదు.

పాప పని హెచ్ఐవీ టీకా. ఆ వైరస్ ఒంటి మీద ముళ్ళుంటాయి. ఆ ముల్లును మన శరీరం ముందే గుర్తుపట్టి పెట్టుకుంటే వైరస్ వచ్చినప్పుడు అడ్డుకుంటుందని ఆశ. తీరా ముల్లును ఒక్కదాన్నే ఒంట్లోకి పంపితే శరీరం పెద్దగా పట్టించుకోదు. అందుకని ఇంకో ప్రోటీన్‌తో అతి చిన్న బంతి చేసి, దాని చుట్టూ ఇరవై ముళ్ళు గుచ్చుతారు. దాన్నే వాళ్ళు నానోకణం అంటారు. వెంట్రుక మందంలో అలాంటివి రెండు వేలు వరసగా పేర్చొచ్చు. పూతక్క దీన్ని మొగుడికి తనకు తెలిసినట్టు చెప్పింది. "ఒక్కడొచ్చి తలుపు కొడితే మీరు లేస్తారా? లేవరు. ఇరవై మంది కలిసి కొడితే?"

"ఇరవై మందొస్తే తలుపే తియ్యను," అన్నాడాయన.

ఇక్కడో మెలిక ఉంది, కాస్త ఓపిక పట్టండి. శరీరం ముల్లు మీదే కాదు, బంతి మీద కూడా యాంటీబాడీలు తయారుచేస్తుంది. బంతి మీద చేసినవి ఎందుకూ కొరగావు, వైరస్‌కు బంతి లేదుగా. అందుకని టీకా పనితనం కొలిచేటప్పుడు ప్లేటుకు ఒంటి ముల్లునే, అంటే బంతి లేకుండా ముల్లొక్కదాన్నే పూయాలి. పొరపాటున ముళ్ళబంతిని పూశారో, పనికొచ్చేవీ పనికిరానివీ అన్నీ వచ్చి అతుక్కుని ప్లేటంతా పసుపెక్కుతుంది, టీకా బ్రహ్మాండమనిపిస్తుంది. నిన్న చేరినవాళ్ళకు కూడా తెలిసిన సంగతే ఇది.

పోయినేడాది ఒక పొద్దున పాప పరుగున వచ్చింది. "అక్కా, పాత స్టాకు అయిపోయింది. కొత్త పెట్టెలో నలభై ఒకటో నంబరు ట్యూబులు వాడు, అదే ఒంటి ముల్లు," అంది. ట్యూబుల మీద నంబర్లు తప్ప ఏమీ ఉండవు, ఏ నంబరేమిటో పాప జాబితాలో ఉంటుంది. పూతక్క నలభై ఒకటి తీసింది, పూసింది. మూడోరోజు మధ్యాహ్నానికి ప్లేట్లు చూస్తే పసుపుపచ్చగా మెరిసిపోతున్నాయి. ఒక్క ముల్లుతో చేసిన పాత టీకాకన్నా నలభై రెట్లని లెక్క తేలింది. పాప ఆవిడను పట్టుకుని గిరగిరా తిప్పేసింది. పెద్దాయన పై అంతస్తు గదిలోంచి దిగొచ్చి ప్లేటును వెలుతురుకు ఎత్తి పట్టుకుని ఐదు నిమిషాలు చూశాడు.

ఇక చూడండి హడావిడి! వైరస్‌ను నిజంగా ఆపుతుందా లేదా అన్న పరీక్ష వేరే ఉంది, దాంట్లో ఫలితం అంతంతమాత్రంగానే వచ్చింది. దాన్ని పేపరు చివర ఓ మూల పెట్టి, నలభై రెట్లను నెత్తిన పెట్టుకున్నారు. మనుషుల మీద ప్రయోగానికి అనుమతులు వచ్చాయి. పాపకు సొంత బృందం ఇస్తామన్నారు. అప్పుడే పాప పెద్దాయన ముందు నిలబడి, "పూతక్క పేరు లేకపోతే ఈ పేపరు మీద నా పేరూ వద్దండీ," అని భీష్మించుకుంది. పూతక్క రిటైర్మెంటుకు ఎనిమిది నెలలే ఉంది. పెద్దాయన గొణిగి, సణిగి, చివరికి సరేనన్నాడు.

అచ్చయింది. పదకొండు పేర్లలో తొమ్మిదోది. ఆవిడ ఆ పేజీ పట్టుకుని బాత్రూములోకి పోయి గడియ పెట్టుకుని ఏడ్చింది. సంతోషంతోనే లెండి. ఇక మొగుడి సంగతి చెప్పక్కర్లేదు. మంగలి షాపులో, మందుల షాపులో, పాత డిపోలో, కనపడ్డవాడికల్లా ఫోనులో ఆ పేజీ తీసి చూపించాడు. వాళ్ళకు ఆ ఇంగ్లీషు రాదు, ఆయనకూ రాదు. పేరొక్కటి గుర్తుపడితే చాలు. "మా ఆవిడ!" అనేవాడు.

రెండు నెలలు హాయిగా గడిచాయి. ఓ రోజు మిగిలిపోయిన పరీక్షలేవో చేస్తూ ఉంటే అదే నలభై ఒకటి పూసిన ప్లేటులో రెండు వరసలు ఖాళీగా మిగిలాయి. గుంటలు ఖాళీగా వదిలేయడం పూతక్కకు గిట్టదు. ఫ్రిజ్‌లో ఖాళీ బంతి కుందేళ్ళ సీరం కొంచెం ఉంది. అంటే ముళ్ళు లేకుండా ఉత్త బంతిని మాత్రమే ఎక్కించిన కుందేళ్ళన్నమాట. వాటి సీరం ఒంటి ముల్లు మీద పోస్తే ఏ రంగూ రాకూడదు. అసలు నలభై రెట్ల ప్లేట్లలోనే అది పోయాల్సింది, కానీ చోటు చాలదని పాప అప్పుడు వద్దంది. పూతక్క దాన్ని ఆ రెండు వరసల్లో పోసింది.

పది నిమిషాల్లో ఆ రెండు వరసలూ మిగిలినవాటితో సమానంగా పసుపెక్కాయి.

ముల్లు ముఖమే చూడని కుందేలుకు ముల్లెలా తెలుస్తుంది? పాప బల్ల మీద జాబితా తీసి చూసింది. ముప్ఫై ఎనిమిది ఒంటి ముల్లు. నలభై ఒకటి ముళ్ళబంతి. మళ్ళీ చూసింది. వేలు పెట్టి గీత వెంట లాగి చూసింది. ఎన్నిసార్లు చూసినా అంతే.

పాప వచ్చేసరికి పూతక్క ప్లేటును బల్ల మీద పెట్టుకుని కూర్చుని ఉంది. విషయం చెప్పింది. పాప కంగారు పడుతుందనుకుంది, ఏడుస్తుందేమో ఎలా ఓదార్చాలా అని కూడా అనుకుంది. పాప ఏడవలేదు. వెళ్ళి తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

"నీకిది ముందే తెలుసా?" అంది పూతక్క.

పాప స్టూలు లాక్కుని కూర్చుంది. "పేపరు పంపే ముందు వారం తెలిసిందక్కా. ఒంటి ముల్లుతో విడిగా చేసి చూశా. రెండు రెట్లు కూడా రాలేదు."

"తెలిసీ పంపావా?"

"అప్పటికి అందరికీ చెప్పేశారు కదక్కా! నేను ఏ ముఖం పెట్టుకుని చెప్పను? మనుషుల మీద ప్రయోగంలో ఎలాగూ అసలు సంగతి తేలిపోతుంది. అప్పుడు కుందేళ్ళలో పనిచేసింది, మనుషుల్లో చెయ్యలేదు అంటారు, అంతేగా. ఎన్ని టీకాలకు అలా అవలేదు? ఎవరికీ ప్రాణహాని లేదక్కా." గొంతు తగ్గించి అంది. "చెబితే పేపరు వెనక్కి తీసుకోవాలి. నీ పేరు కూడా పోతుంది."

ఇప్పుడు నిజం చెప్పుకోవాలి. పూతక్క ఆ రోజు ఇంటికి వెళ్ళి నోరు మూసుకుంది. ఒక రోజు కాదు, తొమ్మిది రోజులు. పాప మీద జాలితో అని తనకు తాను చెప్పుకుంది. జాలీ లేదు, గీలీ లేదు. ఆ పదకొండులో తొమ్మిదో పేరు కోసం నోరు మూసుకుంది. ముప్ఫై ఏళ్ళు ఎదురుచూస్తే వచ్చింది, చేతులారా ఎలా చెరిపేసుకుంటుంది? మొగుడు ఫోనులో ఎవరికో ఆ పేజీ చూపిస్తుంటే పక్కగదిలోకి పోయేది.

పదో రోజు పొద్దున లిఫ్టులో ఎక్కింది. ఆ లిఫ్టు నడిపే ఆయన పదేళ్ళుగా అక్కడే ఉన్నాడు, తమ్ముడు హెచ్ఐవీతోనే పోయాడని అందరికీ తెలుసు. ఆయన బటన్ నొక్కి, ఎవరూ లేరు కదా అని చూసుకుని, "అక్కా, నేనూ సంతకం పెట్టేశా," అన్నాడు.

"దేనికి?"

"మీ టీకాకే! సోమవారం మొదటి ఇంజెక్షన్. మా ఆవిడ వద్దని ఒకటే గొడవ. ఆ టీకా పడితే మామూలు రక్తపరీక్షలో జబ్బున్నట్టు చూపించొచ్చంట, ఇంకెప్పుడూ వేరే టీకా ప్రయోగంలో చేర్చుకోరంట. అన్నీ చదివి వినిపించారు. అయినా పెట్టా. మా తమ్ముడికి ఎటూ ఏం చెయ్యలేకపోయా. పైగా అది మీ చెయ్యి పడ్డ మందంటగా, మీ పేరు కూడా వేశారంటగా. ఇంక నాకు భయమేంటి?"

పూతక్క నాలుగో అంతస్తులో దిగాల్సింది, ఐదుకు పోనిమ్మంది. పెద్దాయన గది ఐదులో ఉంది.

ఆయన అంతా విన్నాడు. మూడే ప్రశ్నలు అడిగాడు. ఏ నంబరు, ఎవరు చెప్పారు, ఖాళీ బంతి సీరం ఇంకా మిగిలుందా. తనే తెల్లకోటు వేసుకుని కిందికొచ్చాడు. పక్కన కూర్చుని, పద్ధతి ప్రకారం ఒక ప్లేటుకు ముప్ఫై ఎనిమిది, ఇంకోదానికి నలభై ఒకటి పూయించి, రెండింట్లోనూ ఖాళీ బంతి సీరం పోయించాడు. రెండు రోజుల తర్వాత ఒకటి నీళ్ళలా, ఒకటి పసుపుపచ్చగా బల్ల మీద పడి ఉన్నాయి. అదే సాయంత్రం ప్రయోగం ఆపేశారు. సోమవారం ఎవరికీ సూది పడలేదు. ఆ ఒక్క మాట వరకు పూతక్క గెలిచిందనే చెప్పాలి.

తర్వాత విచారణ. నలుగురు కూర్చున్నారు, బయటివాళ్ళు ఇద్దరు. నోట్‌బుక్కు తెప్పించారు. ఆ తేదీ పేజీలో పాప చేతిరాతతో ఉన్నది ఒకే ఒక్క వాక్యం, "ప్లేట్లకు పూత: టెక్నీషియన్." నంబరు లేదు. నంబరు ఎందుకు రాయలేదని అడిగితే, ఒంటి ముల్లే వాడతాం కదా, రాయక్కర్లేదనుకున్నానంది పాప.

"మీరు చెప్పిందేమిటి?" అని అడిగారు.

పాప తల ఎత్తలేదు. "ముప్ఫై ఎనిమిదనే చెప్పానండి. అక్కకు... ఈ మధ్య కొంచెం మరుపు ఎక్కువైంది."

పూతక్క లేచి నిలబడింది. "పాపా!" అంది, అంతే. చెంప పగలగొట్టాలనిపించింది. జ్వరంలో తడిగుడ్డ మార్చిన చేతులతోనే కొట్టాలనిపించింది. తేరుకుని, "నలభై ఒకటని చెప్పింది. తనే చెప్పింది. తర్వాత తనకు తెలిసింది కూడా, నాతో ఒప్పుకుంది," అంది.

"కాగితం మీద ఏమైనా ఉందా అమ్మా?" అన్నాడు బయటివాళ్ళలో ఒకాయన, మర్యాదగానే.

కాగితం మీద ఏముంటుంది? ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ కలం ముట్టకూడదు. ఆవిడ పెద్దాయన వైపు చూసింది. నోటితో చెప్పే పద్ధతి ఎవరిదో ఆయనకు తెలియదా? ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

ఇంకో సంగతి కూడా అడిగారు. సీరం సంగతి తెలిశాక ఎన్ని రోజులకు చెప్పారు? పదో రోజున, అంది పూతక్క. అబద్ధం ఆడటం ఆవిడకు చేతకాదు. నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తొమ్మిది రోజులు దాచినవాళ్ళే తప్పు చేసి ఉంటారని వాళ్ళ లెక్క. తన తొమ్మిది రోజులు తనకు ఉరితాడయ్యాయని ఆవిడకు అప్పుడే అర్థమైంది, దానికి మాత్రం ఎవరినీ తిట్టుకోలేదు.

నెల తిరక్కుండా పత్రికలో ప్రకటన వచ్చింది. పేపరును వెనక్కి తీసుకుంటున్నామనీ, ప్లేట్లకు వేరే ప్రోటీన్ పూయడం వల్ల ఈ పొరపాటు జరిగిందనీ, ఆ పూత పూసింది ఫలానా టెక్నీషియన్ అనీ. పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా వేశారు. ప్రకటన మొత్తంలో ఉన్న పేరు అదొక్కటే. మిగిలిన పదిమందీ "రచయితలు" అయిపోయారు. "రచయితలు విచారం వ్యక్తం చేస్తున్నారు" అని ఆఖరి వాక్యం. పాపకు సొంత బృందం రాలేదు, కానీ ఉద్యోగం పోలేదు. రెండో అంతస్తుకు మార్చారు.

పూతక్క ఆ ప్రకటన పట్టుకుని పెద్దాయన గదికి వెళ్ళింది. ఈసారి కూర్చోలేదు.

"ఇన్నేళ్ళూ టెక్నీషియన్ల పేర్లు వెయ్యటం రూలుకు విరుద్ధమన్నారు. తప్పుకు ఒక పేరు కావాల్సొచ్చేసరికి మీ రూలు ఏమైందండీ?"

"నా చేతుల్లో లేదమ్మా. పత్రికవాళ్ళు ఎలా జరిగిందో వివరంగా రాయమన్నారు."

"వివరంగానా? మరి నోటితో చెప్పే పద్ధతి వివరం కాదా? నోట్‌బుక్కు ముట్టనివ్వకపోవటం వివరం కాదా? అవి రాయలేదేం?"

ఆయన బల్ల మీది కాగితాలు సర్దుకున్నాడు. "ఇంకో నెలలో రిటైరవుతున్నావు. నీ పింఛనుకు ఏ ఇబ్బందీ రాకుండా నేను మాట్లాడాను," అన్నాడు, మేలు చేసినవాడి గొంతుతో.

"ఆ పేరు తీయించండి."

"అచ్చయినదాన్ని తియ్యలేరమ్మా. పేపరు వెతికినవాళ్ళకు ముందు ఈ ప్రకటనే కనపడుతుంది. అదీ పద్ధతి."

ఇంటికి చేరేసరికి మొగుడు వరండాలో కూర్చుని ఉన్నాడు. ఫోను ఒళ్ళో ఉంది. మందుల షాపాయన ఆ భాష వచ్చినవాడి చేత ప్రకటన చదివించుకుని పొద్దుటే ఆయనకు ఫోను చేశాడట. పూతక్క చెప్పులు విప్పి ఎదురుగా కూర్చుంది. మొత్తం చెప్పింది. నలభై ఒకటి, పాప మాట, ఖాళీ బంతి సీరం, లిఫ్టాయన, విచారణ, అన్నీ చెప్పింది. తొమ్మిది రోజుల సంగతి కూడా దాచలేదు. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో ఆయన ఎప్పుడూ మధ్యలో మాట్లాడకుండా విన్నది లేదు, ఈసారి విన్నాడు.

అంతా అయ్యాక ఆయన ఫోనులో ఆ ప్రకటన తెరిచి, తనకు రాని ఆ అక్షరాల్లో ఆవిడ పేరు ఎక్కడుందో వేలితో వెతుక్కున్నాడు. దొరికింది.

"నిన్ను అంటున్నానని కాదు," అన్నాడు చివరికి. "ఆ రోజు పొద్దున హడావిడిలో... నువ్వే పొరపాటున ఇంకోటి తీసి ఉంటావేమోనే. ఊరికే పేరు పెట్టి అచ్చు వెయ్యరు కదా."

పూతక్క ఆయన ముఖంలోకి చూసింది. ఆయన వెటకారానికి అనలేదు. నిజంగానే అడుగుతున్నాడు. ఆ పేజీని ఊరంతా తిప్పి చూపించిన మనిషి, అచ్చులో పేరు పడిందంటే అది నిజమని నమ్మిన మనిషి, ఇప్పుడు కూడా అచ్చునే నమ్ముతున్నాడు.

"పూసింది నేనే," అని లేచి లోపలికి వెళ్ళింది.